ఆరడుగుల ఆరంగుళాల ఎత్తున్నవారికి విమానంలో ఏ సీటు అనుకూలం?
మాది మిర్యాలగూడ. ఆరడుగుల ఆరంగుళాల ఎత్తున్న మా తమ్ముడు పై చదువుల కోసం వచ్చే నెల శంషాబాద్ నుంచి దుబాయ్ మీదుగా డల్లాస్ వెళ్తున్నాడు. ఎకానమీ తరగతిలో వరుసల మధ్య దూరం సాధారణంగా 30 నుంచి 32 అంగుళాలే ఉంటుంది కనుక, దుబాయ్ తర్వాత దాదాపు 16 గంటలు మోకాళ్లు ముందు సీటుకు ఒత్తుకుంటూ కూర్చోవలసి వస్తుందేమోనని అమ్మకూ నాకూ ఎంతో బెంగగా ఉంది. నిరుడు ఢిల్లీ ప్రయాణంలో రెండు గంటలకే అతని కాళ్లు తిమ్మిరెక్కాయి. అత్యవసర ద్వారం పక్కనున్న వరుసలో కాళ్లు చాపుకోవచ్చు గానీ, భోజనపు బల్ల చేతిపట్టీలోనే ఇమిడి ఉండటం వల్ల అక్కడ సీటు కొంత ఇరుకవుతుంది; అడ్డుగోడ ఎదుటి వరుసలో ముందువారు సీటు వాల్చే బాధ లేకపోయినా, పాదాలు ముందుకు చాపే చోటుండదు. వీటిలో పొడగరికి ఏది మేలు? అదనపు రుసుము చెల్లించి ముందే తీసుకోవాలా, లేక విమానాశ్రయంలో అడిగితే ఇస్తారా? ఇంత దూరం ప్రయాణించిన పొడగరులు దయచేసి తెలుపగలరు.