అప్‌డేట్: అమ్మ గర్భసంచి ఆపరేషన్ గురించి అడిగాను కదా

పోయిన నెల అడిగాను: అమ్మకు 62 ఏళ్లు, గర్భసంచి కిందికి జారింది, మొదట చూపించిన చోట రెండు నిమిషాల్లో "తీసేద్దాం" అని డేట్ ఇచ్చేశారు, ఒప్పుకునే ముందు ఏమేం అడగాలి అని.

మీరు చెప్పినట్టే కర్నూలులోనే ఇంకో లేడీ డాక్టర్‌కు చూపించాను. ఆమె మొదట నన్ను బయట కూర్చోమన్నారు. అదే మంచిదైంది. దగ్గితే యూరిన్ పడుతుందని, అందుకే పెళ్లిళ్లకు పోవడం మానేశానని అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు, ఆమెకు చెప్పింది.

తర్వాత చీటీ వెనక బొమ్మ గీసి అంతా వివరించారు. మెత్తటి సిలికాన్ రింగ్ ఒకటి అమ్మ చేతిలో పెట్టి, ఆపరేషన్ వద్దనుకుంటే ఇది లోపల పెట్టుకోవచ్చు, అప్పుడప్పుడు తీసి శుభ్రం చేయాలి అన్నారు. అమ్మ దాన్ని గాజులా అటూ ఇటూ తిప్పి చూసింది. ఆపరేషన్ చేసినా కొందరికి మళ్లీ జారవచ్చని, లీకవడం దాంతోనే పోతుందన్న గ్యారంటీ లేదని దాచకుండా చెప్పారు. మెష్ (జారినదానికి ఆసరాగా లోపల పెట్టే వల లాంటిది) గురించి అడిగాను. జారినదానికి యోని గుండా పెట్టే మెష్ అమ్మకాలను అమెరికా 2019లో ఆపించిందని, అమ్మకు అది పెట్టనని అన్నారు.

అమ్మ అడిగింది ఒకటే: "బిందె ఎప్పుడెత్తొచ్చు?" కనీసం ఆరు వారాలు వద్దన్నారు, మలబద్ధకం కూడా రానివ్వొద్దట.

అమ్మ ఆపరేషన్‌కే ఒప్పుకుంది, పండగయ్యాక. పంపు దగ్గరికి ఇకనుంచి నాన్నే వెళ్తున్నారు.