అక్టోబర్ సమ్మేళనం వంటలు: బీఫ్-బియ్యం ఉండల గురించి మాట్లాడుకుందాం

కావలి అక్క (వంట బాధ్యత)
అందరికీ నమస్కారం. ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం పెట్టుకునే సమ్మేళనానికి ఈసారి మన వీధుల్లోని అమెరికన్ కుటుంబాలను కూడా పిలుస్తున్నాం. అందుకని వాళ్ల ఇంటి వంట ఒకటి మెనూలో పెడితే బాగుంటుందని కమిటీలో అనుకున్నాం. నేను టమాటా సాస్‌లో ఉడికించే బీఫ్-బియ్యం ఉండలు పెడదామంటున్నా. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో ఇక్కడి ఇళ్లలో బాగా వాడుకలోకి వచ్చిన వంట ఇది. మాంసం కొనే డబ్బు చాలని రోజుల్లో, అందులో పచ్చి బియ్యం కలిపి ఉండలు కడితే అదే మాంసం ఇంకో నలుగురికి వచ్చేది. ఉడికేకొద్దీ గింజలు ఉబ్బి ముళ్లపంది ముళ్లలా బయటికి పొడుచుకొస్తాయి. పిల్లలకు అది చూడ్డమే సరదా.

మన ఇళ్లలో ఖైమా ఉండల కూర వండేవాళ్లకు ఇది కష్టం కాదు. మనం పుట్నాల పొడి వేసే చోట వీళ్లు బియ్యం వేస్తారు. ఎవరెవరు చెయ్యి కలుపుతారో చెప్పండి.

ఒంగోలు అన్న
అమ్మా, కాదనాలని కాదు గానీ ఒక మాట. మా నాయన ఊరి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నాడు, సమ్మేళనానికి వస్తాడు. ఒంగోలు గిత్తలను సొంత బిడ్డల్లా మేపిన మనిషి. బండలాగుడు పందేలకు జత తోలుకెళ్లినాయన. ఆయన ప్లేటు పక్కనే ఆ ట్రే ఉంటే ఆ పూట ముద్ద దిగదు. ఏం చేద్దాం?

చీమకుర్తి తమ్ముడు
అన్నా, బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం మన ఒంగోలు జాతి నుంచి వచ్చినవే. అక్కడ ఆ జాతి పేరే నెలోర్, మన నెల్లూరు నుంచే వచ్చింది. కాబట్టి అంత పట్టింపు అవసరమా?

కావలి అక్క
తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజమే, కానీ ఈ విషయంలో అది పనికొచ్చే మాట కాదు. ఆ పెద్దాయన గిత్తలను కడిగి, ముస్తాబు చేసి, పేరు పెట్టి పిలిచిన మనిషి. బ్రెజిల్‌లో ఏం జరుగుతుందో చెప్తే ఆయన మనసు మారదు, మార్చాల్సిన పని కూడా మనకు లేదు.

అట్టనే ఇంకో వైపు కూడా చూడండి. మన సంఘంలో క్రైస్తవ కుటుంబాలున్నాయి, ముస్లిం కుటుంబాలున్నాయి, ఊళ్లో తరతరాలుగా పెద్దకూర తింటున్న ఇళ్లవాళ్లూ ఉన్నారు. ప్రతిసారీ వాళ్లు తమ ఇంటి తిండి గురించి నోరు మెదపకుండా చికెన్ బిర్యానీ తిని వెళ్లిపోతున్నారు. అది నాకు న్యాయంగా అనిపించడం లేదు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి మతం అడక్కుండా స్వర్ణాల చెరువులో దిగి, పక్కవాళ్ల చేతి రొట్టె తీసుకునే ఊరి మనుషులం మనం. ఒక హాల్లో రెండు బల్లలు వేసుకోలేమా?

బీఫ్ బల్ల హాల్లో తలుపు దగ్గరి మూలన వేద్దాం. ఆ మూలకు వేరే గరిటెలు, వేరే ప్లేట్లు, వడ్డించడానికి వేరే మనిషి. శాకాహారం ఎదురుగా గోడవైపు. పెద్దవాళ్ల కుర్చీలు కూడా ఆ గోడవైపే. ప్రతి ట్రే ముందు ఏ మాంసమో తెలుగులో, ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసి పెడదాం. అన్నా, నాయనగారికి ముందే చెప్పి తీసుకురండి. తెలియకుండా ఎదురుపడితేనే బాధ.

ఇంకొకటి. దీన్ని జనవరిలో పెడదామని ఎవరో అడిగారు. వద్దు. కనుమ పశువులను పూజించే పండగ, ఆ నెల సమ్మేళనంలో ఈ వంట పెట్టడం సరికాదు. అక్టోబరే బాగుంటుంది.

ఒంగోలు అన్న
ఇట్టయితే నాకు ఇబ్బంది లేదు. నాయనకు నేను చెప్తా. చికెన్‌తో అదే వంట ఇంకో గిన్నెలో చేస్తే మా ఇంట్లోవాళ్లు కూడా తింటారు, ఆ గిన్నె నేను చూసుకుంటా.

కావలి అక్క
చాలా సంతోషం అన్నా. ఇక కొలతలు. ఫారంలో బీఫ్ అని టిక్ పెట్టినవాళ్లు 40 మంది, మనిషికి 3 ఉండలు, మొత్తం 120. దానికి బీఫ్ ఖైమా 2.5 కిలోలు, పొడవు గింజ బియ్యం 500 గ్రాములు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు 300 గ్రాములు, ఉప్పు 35 గ్రాములు, మిరియాల పొడి, కొంచెం వెల్లుల్లి, రెండున్నర కప్పుల నీళ్లు. మాంసం కొనేటప్పుడు 15 నుంచి 20 శాతం కొవ్వున్నది అడగండి. మరీ కొవ్వు తీసేసింది తెస్తే ఉండ ఎండిపోయి గట్టిపడుతుంది.

కలపడంలోనే ఉంది అసలు సంగతి. చపాతీ పిండిలా మర్దించొద్దు. ఎక్కువ పిసికితే మాంసం సాగి ఉండ రబ్బరులా తయారవుతుంది. ముందు బియ్యం, ఉల్లి, ఉప్పు, నీళ్లు కలిపి పెట్టుకుని, ఆ తర్వాత మాంసం వేసి వేళ్లతో తేలిగ్గా కలిపితే చాలు. చిన్న నిమ్మకాయంత ఉండ, దాదాపు 32 గ్రాములు. అన్నీ ఒకే సైజులో ఉండాలి, లేకపోతే కొన్నిట్లో బియ్యం ఉడికి కొన్నిట్లో పలుకుగానే ఉంటుంది.

సాస్‌కి 425 గ్రాముల టమాటా డబ్బాలు 5. కెచప్ తేవద్దు, అందులో చక్కెర ఎక్కువ. ఒక్కో డబ్బాకి ఒక కప్పు నీళ్లు కలపాలి. ఈ నీళ్లు తగ్గిస్తే వంట చెడుతుంది, ఎందుకంటే బియ్యం ఉడకడానికి నీళ్లు సాస్‌లోంచే రావాలి. పైగా టమాటా పులుపులో బియ్యం మామూలుకంటే నెమ్మదిగా ఉడుకుతుంది. సాస్ మరిగాక ఉండలు వరుసగా పేర్చి, మూత గట్టిగా పెట్టి, సన్న సెగ మీద 45 నిమిషాల నుంచి గంట. మొదటి పావుగంట గరిటె పెట్టొద్దు, విరిగిపోతాయి. ఓవెన్‌లో అయితే 175 డిగ్రీల సెల్సియస్, మూతతో 45 నిమిషాలు, మూత తీసి ఇంకో 15.

అయిందో లేదో రంగు చూసి చెప్పలేం. థర్మామీటర్ ఉండ మధ్యలోకి గుచ్చాలి. బీఫ్‌కి, మటన్‌కి 71 డిగ్రీలు, చికెన్ ఖైమాకి 74 డిగ్రీలు రావాలి. ఒక ఉండను రెండుగా కోసి మధ్యలో గింజ మెత్తగా ఉందో లేదో కూడా చూడండి. మాంసం ముందే ఉడికిపోతుంది, ఆలస్యమయ్యేది బియ్యమే.

ఆత్మకూరు చెల్లి
అక్కా, సోనా మసూరి వాడొచ్చా? ఇంట్లో పెద్ద బస్తా ఉంది. శాకాహారం గిన్నె నేను చేస్తా, సొరకాయ కోఫ్తా అయితే ఇదే సాస్‌లో వెయ్యొచ్చు కదా? ఇక్కడివాళ్లు ఇందులో వోస్టర్‌షైర్ సాస్ వేస్తారని విన్నా.

కావలి అక్క
సోనా మసూరి వెయ్యొచ్చు చెల్లీ, పాత బియ్యమైతేనే. కొత్త బియ్యం ముద్దైపోతుంది, గింజ బయటికి కనపడదు. బాస్మతీ అయితే చూడ్డానికి ఇంకా బాగుంటుంది. ఉప్పుడు బియ్యం మాత్రం వద్దు, అది ఉడికేసరికి మాంసం పిడచగట్టుకుపోతుంది.

వోస్టర్‌షైర్ సంగతి మంచి మాట గుర్తుచేశావు. మామూలుగా దొరికే ఆ సాస్‌లో ఆంచోవీ చేపలుంటాయి, శాకాహారం గిన్నెలో ఒక్క చుక్క కూడా పడకూడదు. అందులో చింతపండు కూడా ఉంటుంది, మనకు కావాల్సిన రుచి అదే. అందుకని అన్ని గిన్నెల్లోనూ ఆ సీసా మానేసి, నిమ్మకాయంత చింతపండు నానబెట్టి ఆ గుజ్జు, చిటికెడు బెల్లం వేద్దాం. చేపల పులుసులో చెయ్యి తిరిగిన నెల్లూరోళ్లకు పులుపు ఎంతో నేను చెప్పక్కర్లేదు.

నీ కోఫ్తాలు విడిగా వేయించి, విడిగా మరిగించిన సాస్‌లో చివర్న వెయ్యి. మాంసం గిన్నెలో సాస్ తీసి పోయొద్దు. నీ వంట మీ ఇంట్లోనే చేసుకుని రా, అప్పుడు ఎవరికీ అనుమానం ఉండదు.

నెల్లూరు భాయ్
అక్కా, బీఫ్, చికెన్ రెండూ హలాల్ షాపులో తీసుకుంటే మా నాలుగు కుటుంబాలూ తింటాం. మాంసం ఖర్చు మేం పెట్టుకుంటాం. శుక్రవారం సాయంత్రం ఫ్రెష్‌గా ఖైమా కొట్టించి ఐస్ బాక్సులో తెస్తా.

కావలి అక్క
అట్టనే చేద్దాం భాయ్. ఖర్చు మాత్రం సంఘం ఖాతాలోంచే, రసీదు ఇవ్వండి. మాంసం 4 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో ఉండాలి. రాత్రే బియ్యం కలిపి పెట్టకండి, గింజ తడంతా పీల్చుకుని పొద్దుటికి ఉండ పగులుతుంది. శనివారం పొద్దున కలిపి వెంటనే వండుదాం.

హాల్లో పొయ్యి వాడనివ్వరు, వేడిగా ఉంచుకోవడానికి కరెంటు వార్మర్లు మాత్రం ఉన్నాయి. కాబట్టి వంట ఇళ్లలోనే. ఇంట్లోంచి స్టీలు గిన్నెల్లో, దళసరి దుప్పట్లు చుట్టి తీసుకురండి. అల్యూమినియం ట్రేలలో ముందే పోయొద్దు. టమాటా పులుపు అల్యూమినియాన్ని తింటుంది, కూరకు లోహపు వాసన వస్తుంది. వడ్డించే ముందు మార్చుకుందాం.

వార్మర్‌లో 60 డిగ్రీలకు తగ్గకూడదు. వార్మర్ నుంచి తీసి బయట పెట్టినవి రెండు గంటలు దాటితే పారేద్దాం. మనసు ఒప్పకపోయినా సరే, మనవాళ్లకు డబ్బాల్లో కట్టి పంపొద్దు. గిన్నెలో కూర్చున్నకొద్దీ బియ్యం సాస్ పీల్చుకుంటుంది, అందుకని వేరే ఫ్లాస్కులో ఒక లీటరు వేడి సాస్ అదనంగా కావాలి.

ఇంకా ఖాళీగా ఉన్న పనులు: థర్మామీటర్లు రెండు, ట్రేల ముందు పెట్టే బోర్డులు, బీఫ్ బల్ల దగ్గర వడ్డన.

చీమకుర్తి తమ్ముడు
బోర్డులు, బీఫ్ బల్ల వడ్డన నాకు రాయండి అక్కా. ఏ ట్రేలో ఏముందో వచ్చినవాళ్లందరికీ నోటితో కూడా చెప్తా. అదనపు సాస్ కూడా మా ఇంట్లోనే కాస్తాం.

ఒంగోలు అన్న
థర్మామీటర్లు నా దగ్గరున్నాయి, రెండూ తెస్తా. చికెన్‌కి ఒకటి, బీఫ్‌కి ఒకటి, మీద రంగు టేపు అతికిస్తా, కలవకుండా.