కఠిన వ్యాయామం తర్వాత కండరాలు కోలుకోవడానికి పసుపు, అశ్వగంధ గుళికలు అవసరమా?

ఆదివారం పరుగు:
ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు సిద్ధమవుతున్నాను. వంతెనలు ఎక్కి దిగుతూ చేసే పొడవైన పరుగు మర్నాడు తొడల ముందు కండరాలు పట్టేసి, గోడ పట్టుకుంటే తప్ప మెట్లు దిగలేకపోతున్నాను. మా బృందంలో కొందరు కర్క్యుమిన్ (పసుపు నుంచి తీసే పదార్థం), అశ్వగంధ గుళికలు రోజూ వేసుకుంటున్నారు. మొక్కల నుంచి తీసినవి కాబట్టి హాని ఉండదని వారి వాదన. ఇవి నిజంగా పనిచేస్తాయా? ఆధారాలు చూసి చెప్పగలవారి అభిప్రాయం కావాలి.

బరువుల సాధకుడు:
పనిచేస్తాయనే నా అభిప్రాయం. 2015లో మన దేశంలో 57 మంది పురుషులపై జరిగిన ప్రయోగంలో, అశ్వగంధ వేరు సారాన్ని 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, 8 వారాల పాటు ఇచ్చారు. ఉత్తుత్తి గుళికలు తీసుకున్నవారికంటే వీరిలో బలం ఎక్కువగా పెరిగింది, కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే క్రియాటిన్ కైనేజ్ తక్కువగా కనిపించింది. లండన్ మారథాన్ పరుగెత్తిన 20 మందిపై 2010లో వెలువడిన అధ్యయనంలో పుల్ల చెర్రీ రసం తాగినవారి కండరాల బలం త్వరగా తిరిగి వచ్చింది. ఇన్ని ఆధారాలుండగా వద్దనడానికి కారణం నాకు కనిపించడం లేదు.

ఫిజియోథెరపీ విద్యార్థిని:
ఆ రెండు అధ్యయనాలూ నేను చదివాను. పాల్గొన్నవారి సంఖ్యలే అవి ఎంత చిన్నవో చెబుతున్నాయి. అంతకంటే ముఖ్యంగా, నొప్పి తగ్గడమూ కండరం కోలుకోవడమూ ఒకటి కావు. వంతెన దిగేటప్పుడు తొడ కండరం ఒకవైపు సాగుతూనే మరోవైపు శరీర భారాన్ని ఆపుతుంది. ఆ శ్రమకు కండర తంతువులు సూక్ష్మంగా దెబ్బతింటాయి, ఆపై మొదలయ్యే వాపుతో నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య తీవ్రమవుతుంది. (లాక్టిక్ ఆమ్లం పేరుకోవడమే దీనికి కారణమని జిమ్ముల్లో ఇప్పటికీ చెబుతుంటారు. అది పరుగు ఆపిన గంటా రెండు గంటల్లోనే రక్తం నుంచి తొలగిపోతుంది.) ఆ వాపు మరమ్మతులో భాగం. కర్క్యుమిన్‌తో నొప్పి కొంత తగ్గినట్టు చిన్న ప్రయోగాలు చూపాయి గానీ, బలం తిరిగి రావడం విషయంలో వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. శరీరం శిక్షణకు అలవాటుపడాల్సిన నెలల్లో ఆ స్పందనను రోజూ అణచివేయడం నాకు సరైనదిగా తోచదు. 2009లో జర్మనీలో జరిగిన ప్రయోగంలో, వ్యాయామానికి శరీరం చూపే స్పందనను ఇలాగే అణచగల విటమిన్ సి, ఇ మాత్రలు తీసుకుంటూ నాలుగు వారాలు వ్యాయామం చేసినవారికి, ఇన్సులిన్ పనితీరులో రావలసిన మెరుగుదల రాలేదు.

ఇక హాని ఉండదన్న మాట. కూరలో వేసే చెంచాడు పసుపులో కర్క్యుమిన్ సుమారు నూరు మిల్లీగ్రాములే ఉంటుంది, అందులోనూ ఒంటికి పట్టేది స్వల్పం. గుళికల్లో దాని మోతాదు ఎన్నో రెట్లు ఎక్కువ, పైగా బాగా ఒంటబట్టడానికి చాలావాటిలో మిరియాల నుంచి తీసిన పైపెరిన్ కలుపుతారు. ఇలాంటి గుళికలు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయని ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరించింది. అదే ఏడాది డెన్మార్క్ అశ్వగంధను నిషేధించింది. మన వంటింటి పసుపుకు తరతరాలుగా ఉన్న మంచిపేరును ఈ గుళికలకు ఆపాదించడం నన్ను నిజంగా కలవరపెడుతోంది.

బరువుల సాధకుడు:
కాలేయం విషయం ఒప్పుకుంటాను. కానీ విటమిన్ మాత్రల ఫలితాన్ని కర్క్యుమిన్‌కు అంటగట్టడం న్యాయం కాదు, అవి వేర్వేరు పదార్థాలు. వరుసగా రెండు రోజులు పోటీలో దిగే క్రీడాకారుడికి రెండో రోజు నొప్పి తగ్గడమే అసలు అవసరం. అప్పుడైనా వీటికి చోటివ్వరా?

ఫిజియోథెరపీ విద్యార్థిని:
మీ అభ్యంతరం సమంజసమే. ఆ ప్రయోగం కర్క్యుమిన్‌పై నేరుగా తీర్పు కాదు, జాగ్రత్తపడమని చెప్పేంత వరకే దాన్ని తీసుకుంటాను. వెంటవెంటనే పోటీలు ఉన్నప్పుడు చెర్రీ రసం లాంటివి కొన్ని రోజులు వాడితే నాకు అభ్యంతరం లేదు. రోజూ నెలల తరబడి మింగడం వేరు సంగతి. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారు వైద్యుణ్ణి అడగకుండా అశ్వగంధ జోలికి పోకూడదు, ఎందుకంటే అది థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చు.

ఆదివారం పరుగు గారూ, మొక్కల నుంచే సాయం కావాలంటే గుళికలకంటే ముందు మాంసకృత్తులు చూసుకోండి. బ్రెజిల్‌లో 2021లో వెలువడిన అధ్యయనంలో కిలో బరువుకు రోజుకు 1.6 గ్రాముల మాంసకృత్తులు అందేలా చూస్తే, శాకాహారం, సోయాతో ఆ లెక్క అందుకున్న యువకులు కండరం, బలం రెండింటిలోనూ మాంసాహారులకు తీసిపోలేదు. అరవై కిలోల మనిషికి అది 96 గ్రాములు. అన్నం, పలుచని పప్పుచారుతో అంత రాదు. మీల్‌మేకర్, శనగలు, వేరుశనగలు, తాగితే పాలూ పెరుగూ కలవాలి. దిగుడు పరుగును కూడా ఒక్కసారిగా కాక, వారం వారం ఒక్కో వంతెన చొప్పున పెంచండి. ఒకసారి ఆ శ్రమకు గురైన కండరం మరుసటిసారి అంతగా దెబ్బతినదు. ఇంత నిలకడగా ఫలితమిచ్చే గుళిక నాకు ఇంతవరకు కనిపించలేదు.