ఈ .303 డీపీ (డ్రిల్ పర్పస్, అంటే కవాతుకే వాడే) రైఫిల్ మీద ముద్రలు ఎవరైనా చదివి పెడతారా?

తాంబరం లెక్చరర్:
నమస్కారం అండీ. మాది నెల్లూరు, ఉద్యోగం చెన్నైలో. మా కాలేజీ ఎన్‌సీసీ గదిలో డ్రిల్లుకి వాడే పాత రైఫిళ్లున్నాయి. ఈసారి స్టాక్ వెరిఫికేషన్ నా నెత్తిన పడింది. ఒకదానికి బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) పిడి వెనక ఉన్న ఇనుప పట్టీ మీద, కుడివైపు, పైనుంచి కిందికి ఇలా ఉంది: కిరీటం, జీఆర్‌ఐ, ఇషాపూర్ (బెంగాల్‌లో రైఫిల్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు), 1942, నం.1 మార్క్ 3 (మోడల్ పేరు), దాని పక్కనే చిన్న నక్షత్రం. బాడీ నంబరుకీ బోల్ట్ నంబరుకీ పొంతనే లేదు. మ్యాగజైన్‌కి కాస్త ముందు కర్రలో అడ్డంగా ఒక స్క్రూ ఉంది. అది ఎవరో వడ్రంగి చేసిన అతుకని స్టోర్ కీపర్ వాదన. రిజిస్టర్‌లో ఏమని రాయను?

చిక్‌పేట సండే బజార్:
నక్షత్రం ఉందంటే స్పెషల్ మోడల్ అన్నమాట, మంచి రేటు పలుకుతుంది. బ్రాసో వేసి గట్టిగా రుద్దండి సార్, ముద్రలు తేటగా కనిపిస్తాయి. అమ్మేదుంటే చెప్పండి.

హలసూరు ఆర్మరర్:
బ్రాసో జోలికి వెళ్లకండి బాబూ, ఉప్పుకాగితం అసలే వద్దు. పంచ్ కొట్టిన అంచులు అరిగితే 2 చూస్తే 7లా ఉంటుంది, ఇక వాదనలే మిగుల్తాయి. గుడ్డతో నూనె తుడిచి, చిటికెడు టాల్కం పౌడర్ అద్దండి. గదిలో లైటు ఆపి, ఫోన్ టార్చి ఏటవాలుగా పక్కనుంచి వేసి ఫోటో తీయండి. అక్షరాలు తెల్లగా లేచి వస్తాయి.

ఆ నక్షత్రం హోదా కాదు, కోత. మొదటి ప్రపంచ యుద్ధంలో రైఫిళ్లు త్వరగా తయారు కావాలని 1916లో మార్క్ 3 నుంచి కొన్ని భాగాలు తీసేశారు. చాలా దూరం కాల్చడానికి ఎడమ పక్కన ఉండే వాలీ సైట్, మ్యాగజైన్ కటాఫ్ (తూటాల పెట్టెని అడ్డగించే రేకు) పోయాయి. అలా తేలిక చేసినదానికే ఆ గుర్తు. ఆ రకం లక్షల్లో తయారయ్యాయి, అరుదేమీ కాదు.

జీఆర్ అంటే జార్జి రాజు, జీఆర్‌ఐలో చివరి ఐ చక్రవర్తి అన్న బిరుదుకి. ఇంగ్లండులో చేసిన వాటి మీద మామూలుగా జీఆర్ వరకే ఉంటుంది. స్వాతంత్ర్యం వచ్చాక ఇషాపూర్‌లో కిరీటం మానేసి అశోకుడి సింహాలు, ఆర్‌ఎఫ్‌ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ, ఇషాపూర్) కొట్టారు.

ఇక ఆ స్క్రూ. దాన్ని చూసి వడ్రంగి పని అనుకునేవాళ్లు సర్వీసులో ఉన్నప్పుడు కూడా తగిలారు. అది ఇషాపూర్ వాళ్ల పద్ధతే. కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బకి కర్ర చీలకుండా అడ్డంగా బిగించేవారు. కర్ర మీద చెయ్యి వేస్తే స్క్రూ తల ఎక్కడుందో వేలికే తెలుస్తుంది. మా వాళ్లకి అది ఇషాపూర్ స్క్రూ.

నంబర్ల సంగతి: బాడీ, బ్యారల్, బోల్ట్ పిడి వెనక, నోస్ క్యాప్ (ముందు కొసన ఉండే లోహపు తొడుగు), వెనక సైట్ ఆకు (గురి చూసే రేకు) అడుగున, ఇన్ని చోట్లా ఒకే నంబరు ఉండాలి. డ్రిల్ రైఫిళ్లలో అది ఆశించకండి. బోల్టులు విడిగా తాళం వేసి పెడతారు, తిరిగి బిగించేటప్పుడు చేతికి అందింది దూర్చేస్తారు. కాబట్టి పట్టీ మీద 1942 బాడీకి మాత్రమే చెల్లుతుంది. కర్రకీ బోల్ట్‌కీ వేరే పుట్టుక ఉండొచ్చు.

తాంబరం లెక్చరర్:
అంకుల్, పౌడర్ చిట్కా అద్భుతం! బాడీ మీద బాణం గుర్తు, దాని కింద ఐ అక్షరం తేలాయి. చాంబర్ (తూటా కూర్చునే అర) పక్కన డ్రిల్ చేసిన రంధ్రం కూడా కనబడింది.

హలసూరు ఆర్మరర్:
బాణం బ్రిటిష్ సర్కారు సొత్తుకి గుర్తు, కింద ఐ ఉంటే భారత ప్రభుత్వానిది. సర్వీసు నుంచి అమ్మేసిన బ్రిటిష్ సరుకైతే రెండు బాణాలు మొనకి మొన తగిలేలా కొడతారు. ఆ రంధ్రం ఉంది కనుకే డీపీ. అందులో తూటా పెట్టి కాల్చితే ముఖం మీదికే వస్తుంది. పిల్లలకి ఆ సంగతి కచ్చితంగా చెప్పండి.

చిక్‌పేట తమ్ముడూ, నీ కొనుగోలు ఆశ వదులుకో. మన దేశంలో .303 నిషేధిత బోర్, అంటే మామూలుగా పౌరులకి అనుమతి లేని గొట్టం కొలత. అదీ కాక అది సర్కారు సొత్తు, లెక్చరర్ గారిది కాదు.

రిజిస్టర్‌లో ఇలా రాయండి: ".303 నం.1 మార్క్ 3 నక్షత్రం, ఇషాపూర్, 1942, డీపీ, బాడీ నంబరు ఇంత, బోల్ట్ నంబరు వేరు." ఆ చివరి ముక్క వదిలేస్తే వచ్చే ఏడు ఆడిట్‌లో మీ మెడకే చుట్టుకుంటుంది.