అప్‌డేట్: కన్నడ, తెలుగు లిపులు కలగాపులగం

ఆరు వారాల కింద అడిగింది ఇదీ: బెంగళూరులో, బడిలో కన్నడ చదివే రెండో తరగతి పాపకి ఇంట్లో తెలుగు నేర్పుతుంటే రెండు లిపులూ కలిసిపోతున్నాయి, ఏం చేయాలి? సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అ నుంచి మళ్లీ దిద్దించడం దండగ. గ, జ, డ, బ, ర, ల, న దాదాపు ఒకటే, తలకట్టు ఉన్నవాటికి అది మారిస్తే చాలు. అక్షరాల కార్డులు కావాల్సింది క, త, చ, శ, హ లకే.

అసలు చిక్కు దీర్ఘాల దగ్గర. కన్నడలో కీ, కే, కో రాస్తే దీర్ఘం గుర్తు అక్షరానికి కుడిపక్కన విడిగా వస్తుంది. తెలుగులో గుడిదీర్ఘం, ఏత్వం, ఓత్వం నెత్తిమీదే తిరుగుతాయి. పిల్ల 'కి' రాసి పక్కన తోక తగిలించేది అందుకే. అశ్రద్ధ కాదు, తిట్టకండి. కి-కీ, కె-కే, కొ-కో జంటలుగా, పైకి పలుకుతూ రాయించాలి.

రవ్వ పళ్లెం బాగా పనికొచ్చింది. స్టీలు పళ్లెంలో బొంబాయి రవ్వ, అడుగు కప్పేంత పలచగా, అందులో వేలితో రాయించడం. మందంగా పోస్తే గీత వెంటనే పూడిపోతుంది. ఐదు నిమిషాలు చాలు, ఆపైన అది ఆటే. వెంటనే అవే అక్షరాలు పలక మీద.

చదవడానికి ప్రథమ్ బుక్స్ వాళ్ల పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్. ఉచితం, చాలా కథలు రెండు భాషల్లోనూ ఉన్నాయి. తెలుగుది ముందు చదివించండి. కన్నడది ముందైతే కథ తెలిసిపోయి అక్షరం చూడకుండా ఊహించేస్తారు.

కన్నడ హోంవర్క్ అయిన వెంటనే తెలుగు పెట్టొద్దు, గంట ఎడం ఉండాలి. ఒత్తుల జోలికి ఇంకా పోలేదు.