పెంకు పురుగులు కింద, లద్దె పురుగులు పైన. ఏం చేయాలి?

క్యాబేజీ మడిలో మూడు వారాలుగా లద్దె పురుగు ఆకులు జల్లెడ చేస్తోంది. మందు కొట్టడం ఇష్టంలేక నేలమీద తిరుగుతూ లద్దె పురుగుల్ని తినే నల్ల పెంకు పురుగుల్ని నమ్ముకున్నాను. వాటికి పగలు దాక్కునే చోటు కావాలని మొక్కల మధ్య చెక్కపలకలు వేసి, ఎండుగడ్డి పరిచాను. పురుగులైతే వచ్చాయి, పలక ఎత్తితే ఆరేడు కనిపిస్తున్నాయి. వేపనూనె కూడా ఆపేశాను, వీటికి తగులుతుందేమోనని.

రాత్రి పదికి టార్చి వేసి చూస్తే అవి మట్టిమీదే పరుగులు. లద్దె పురుగులేమో పైన ఆకుల్లో దర్జాగా మేస్తున్నాయి! ఒకదాన్ని పుల్లతో కింద పడేశాను. పెంకు పురుగు వెంటనే దవడలతో నడుం పట్టేసింది, కాసేపటికి తోలే మిగిలింది. అంటే తినడం రాక కాదు, నావి మొక్క ఎక్కే రకం కాదనుకుంటా. (పెంకు పురుగుల్లోనే కెలోసోమా అనే జాతివి చెట్లెక్కి మరీ వేటాడతాయి.)

నాలుగు రోజులుగా చీకటి పడ్డాక మొక్కలు కుదుపుతున్నాను. పడినవాటిలో సగం తెల్లారేసరికి మళ్లీ ఆకులమీదే.

కింద పడ్డ లద్దె పురుగులు రాత్రంతా మొక్క ఎక్కకుండా ఆపడానికి, పెంకు పురుగులకు అడ్డురాని ఉపాయం మీలో ఎవరికైనా పనిచేసిందా?