సర్పంచ్ ఎన్నికలతో మూడో పార్టీ ఎదుగుతుందా?

ఏరువాక: "ముందు పంచాయతీలు గెలవండి, అసెంబ్లీ తర్వాత" అని చిన్న పార్టీలకు అందరూ చెప్పే సలహా నాకు మింగుడుపడదు. తెలంగాణలోనైనా, ఆంధ్రలోనైనా సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. 2019లో మా ఊళ్లో ఒక చిన్న పార్టీ కుర్రాడు ఉంగరం గుర్తు మీద గెలిచాడు. జనం ఉంగరానికి ఓటేశారు, పార్టీ పేరు ఎవరికి గుర్తుంటుంది? ఏడాది తిరక్కుండానే ఎమ్మెల్యే గారి కండువా కప్పుకున్నాడు.

కాకా_కరీంనగర్: కప్పుకోక ఏం జేస్తడు తమ్మీ? అప్పు తెచ్చి సీసీ రోడ్డు ఏసినంక బిల్లు రాకపోతే మిత్తి ఎవరు కడ్తరు? 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చినంక చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం గూడ కావాలె. ఆయన అవతలి పార్టీ మనిషైతే ఆట అక్కడ్నే ఆగుతది.

పాతబస్తీ_బాబు: అందరికీ అలాగే జరగదన్నా. మా మజ్లిస్ (ఎంఐఎం) పార్టీని చూడండి. జీహెచ్ఎంసీలో అప్పట్లో 150 డివిజన్లుంటే 2016లో 44, 2020లో మళ్లీ 44 గెలిచింది. నల్లా రాకపోయినా, ఆసుపత్రిలో బెడ్డు దొరక్కపోయినా మా ఇంట్లో ముందు అనే మాట "దారుస్సలాంకి పో". అది పార్టీ ఆఫీసు, అక్కడ ఎమ్మెల్యేలు, కార్పొరేటర్లు కుర్చీలేసుకుని కూర్చుంటారు. కాగితం ఇస్తే అక్కడికక్కడే ఫోన్ కొడతారు.

ఏరువాక: ఒప్పుకుంటాను. కానీ తమ్ముడూ, కార్పొరేషన్ ఎన్నికలో బ్యాలెట్ మీద వాళ్ల పార్టీ గుర్తు గాలిపటం ఉంటుంది, గెలుపు పార్టీ ఖాతాలో పడుతుంది. పైగా వాళ్ల ఓటర్లు ఒక్కచోటే ఉన్నారు. 2009లో లోక్‌సత్తా రాష్ట్రమంతా తిరిగితే దక్కింది కూకట్‌పల్లి ఒక్కటే.

కొచ్చి_తెలుగోడు: నేనుండేది కేరళలో, ఎర్నాకుళం వైపు. ఇక్కడి కిళక్కంబలంలో ట్వంటీ20 అనే సంస్థ 2015లో 19 వార్డులకు 17 గెలిచింది. వెనక కిటెక్స్ అనే బట్టల కంపెనీ డబ్బుంది, సరుకులు తక్కువ ధరకిచ్చే దుకాణం పెట్టారు. 2020కి నాలుగు పంచాయతీలయ్యాయి. ఆ ఊపులో 2021 అసెంబ్లీకి 8 చోట్ల పోటీచేస్తే ఒక్కటీ రాలేదు. బియ్యం, పప్పు చూసి పంచాయతీ ఇచ్చిన జనం ముఖ్యమంత్రి ఎవరన్న లెక్క వచ్చేసరికి మళ్లీ పాత కూటముల వైపే వెళ్లారు.

కాకా_కరీంనగర్: ఎంపీటీసీ, జడ్పీటీసీలైతే పార్టీ గుర్తు మీదనే గదా, ఏరువాకా? అది ఎందుకు మర్చిపోయినవ్?

ఏరువాక: మర్చిపోలేదు కాకా. గుర్తు మీద గెలిచినా ఎంపీపీ ఎన్నిక రోజున ఏమవుతుందో మీకు తెలియదా? చిన్న పార్టీకి ఇద్దరు ముగ్గురు ఎంపీటీసీలుంటే పెద్ద పార్టీవాళ్లు క్యాంపుకు తీసుకెళ్తారు. బస్సు దిగేసరికి వాళ్ల మెడలో కండువా మారి ఉంటుంది.

కాకా_కరీంనగర్: బస్సు కాదు తమ్మీ, ఇప్పుడు ఇన్నోవాలు.